తడవకూడని బావ

మా బావ గొడుగులు బాగుచేసేవాడు. వానొస్తే నిలువునా తడిసేవాడు. ఈ రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి చెబితే ఎవరికైనా నవ్వొస్తుంది. నంద్యాలలో మా వీధి వీధంతా నవ్వేది. నేనూ నవ్వేవాణ్ణి, దాపరికమెందుకు. నవ్వనిది మా అక్క ఒక్కతే. ఆయనను కట్టుకున్నది ఆమె గదా. తడిసొచ్చిన మనిషికి తల తుడిచేదీ, కషాయం కాచేదీ ఆమే.

ఆయన దగ్గర గొడుగులు లేక కాదు. చెరకు మోపు కట్టినట్టు సైకిలు వెనక కట్టుకుని ఊరూరా తిరిగేవాడు. కానీ అవన్నీ బాగుచేయమని జనం ఇచ్చినవి. వాటిలో ఒకటి విప్పి తల మీద పట్టుకుంటే ఏం పోయిందని అడిగితే బావకు ఒళ్లు మండేది. పని నేర్పేటప్పుడు వాళ్ల నాయన మొట్టమొదట చెప్పిన మాట అదేనట: నమ్మి ఇచ్చినవాడి గొడుగు కింద నువ్వు నిలబడగూడదు. కుట్టు ఎట్లా కుదిరిందో చూసుకోవడానికి ఎండలో విప్పవచ్చు. వానలో విప్పితే మాత్రం అది వాడుకోవడమే. ఆ మాట ఒక్కటి పట్టుకుని ఆ మహానుభావుడు గొడుగుల మోపు పక్కన పెట్టుకుని మరీ తడిసేవాడు. పోనీ సొంతానికి ఒకటి చేసుకోవయ్యా అంటే చేసుకునేవాడు. రెండో ఊరు దాటేలోపల ఎవరో ఒకరు "బలే ఉండాదే" అనేవారు. వెంటనే ఇచ్చేసేవాడు.

జనం నవ్వుకునేంతవరకూ బాగానే ఉంది. ఒక ఏడు ఎండాకాలం మాత్రం అది నవ్వులాట కాలేదు. ఆళ్లగడ్డ నుంచి వస్తూ గాలివానకు దొరికిపోయి, తడిబట్టలతోనే ఇంటికొచ్చి పడ్డాడు. జ్వరం. రొమ్ము పట్టేసింది. ఆయన ఊపిరి తీస్తుంటే పక్కింటికి వినబడేది. మంచం దిగేసరికి వానాకాలం సగం పోయింది. "ఇంకొకసారి ఇట్లా తడిసి రొమ్ము పట్టిందంటే నా చేతిలో ఏం లేదమ్మా," అని డాక్టరు అక్కతో చెప్పాడు. బావతో చెప్పలేదు. చెప్పినా వినే మనిషి కాడని డాక్టరుకూ అర్థమై ఉంటుంది.

అవి రెండో ప్రపంచయుద్ధం రోజులు. నేను పత్తి మిల్లులో పని చేసేవాణ్ణి. ఎండలు ముదిరి పత్తి రావడం ఆగిపోగానే మిల్లు మూసేవారు. మళ్లీ పత్తి వచ్చేదాకా మేమంతా ఖాళీ. ఆ మరుసటేడు మిల్లు మూశారని తెలియగానే అక్క నన్ను పిలిచింది.

"రేయ్, ఈ తూరి నువ్వు మీ బావెంబడి పో."

"నాకు గొడుగులు కుట్టేది రాదు గదక్కా."

"కుట్టేదానికి నిన్నెవురు పొమ్మన్యారు? ఆ మనిషి తడవకుండా చూసుకునేదానికి పో. అదే నీ పని."

బావ గుంజకు ఆనుకుని అంతా వింటున్నాడు. అక్క ఆయన వైపు తిరిగింది. "నీకూ చెప్తాండా. ఈసారి తడిసొచ్చినావంటే ఈ గడప తొక్కొద్దు. వచ్చిన దావనే తిరిగి పో."

"వానకు నా మింద పగుండాది. నేనేం చేసేది?" అన్నాడు బావ.

"అదంతా నాకు తెల్దు. తడిసిన మొగం నాకు చూపీద్దు."

అంత గట్టిగా అక్క మాట్లాడటం నేను ఎప్పుడూ వినలేదు. కోపమనుకున్నాను. బావ కూడా అట్లాగే అనుకున్నాడు.

ఊరికే తిట్టి పంపించే మనిషి కాదు మా అక్క. యుద్ధం వల్ల గొడుగుల నల్లగుడ్డ ఎక్కడా దొరకడం లేదు. అందుకని తన చీర ఒకటి కోసింది. ఆకుపచ్చ చీర, దాని నిండా చేమంతులంత ఎర్రపూలు. బావ పెట్టెలోంచి చువ్వలు తీసి ఆయన చేతే బిగింపించి, గుడ్డ తానే కుట్టి, నీళ్లు దిగకుండా ఆముదం పట్టించింది. బావ దాన్ని చూసి నెత్తి పట్టుకున్నాడు.

"దీన్ని పట్టుకోని శిరివెళ్ల బజార్లో నేనెట్ల పోయేది? పెండ్లికూతుర్ని తోలకపోతాండారనుకుంటారు."

"అనుకోనీ," అంది అక్క.

ఆ గొడుగును ఆమె నా సైకిలుకు కట్టింది. బావ సైకిలుకు కడితే ఎవరికైనా ఇచ్చేస్తాడని ఆమె భయం. దాన్ని చూసి కూడా అడిగేవాడు ఉంటాడని నాకైతే నమ్మకం లేదు.

అట్లా బయల్దేరాము. నంద్యాల, శిరివెళ్ల, ఆళ్లగడ్డ, మధ్యలో రోడ్డుకు అటూ ఇటూ ఉన్న పల్లెలు. వానాకాలం రాకముందే జనం అటక మీది గొడుగులు దించి చూసుకుంటారు కాబట్టి మా పనికి ఎండాకాలమే సీజను. నా సైకిలు వెనక చక్రంలో ట్యూబు లేదు. యుద్ధంలో ట్యూబులు దొరక్క పాతగుడ్డలు కుక్కి పెట్టాను. గుంతలో పడితే ఆ దెబ్బ నేరుగా నా దవడకు తగిలేది. ముందు బావ, ఆయన వెనక గొడుగుల మోపు. దాని వెనక నేను, నా వెనక ఆముదం కంపు. ఎండకు ఆముదం కరిగి నా వీపు మీదికి కారేది. రోడ్డు మీది దుమ్మంతా ఆ గొడుగుకే అంటుకునేది. రెండు రోజులకల్లా ఎర్రపూలు కనబడకుండా పోయాయి. బావకు కాస్త ఊరట కలిగింది.

ఎండాకాలపు వానను నేను వాన అనను. వానాకాలంలో వచ్చేది వాన. అది ముందుగా మబ్బును పంపించి, చల్లగాలిని పంపించి, మనం వడియాలు ఎత్తుకునేదాకా ఆగి వస్తుంది. ఎండాకాలంలో వచ్చేది దొమ్మీ. మధ్యాహ్నం దాకా ఎండ మాడ్చి చంపుతుంది. పొద్దు కాస్త వాలేసరికి ఎడమచేతి పక్క నల్లమల మీద నల్లటి ముద్ద ఒకటి లేస్తుంది. గాలి ఆగిపోతుంది. కాకి కూడా నోరు మూసుకుంటుంది. తర్వాత చేల మీదుగా దుమ్ము గోడలా లేచి వస్తుంది. అందులో ఏమేం వస్తాయో చెప్పలేం. గడ్డి, ఇళ్ల కప్పుల మీది బోద, విరిగిన కొమ్మలు, ఎవరిదో పంచె. ఒకసారి ఒక కోడి వచ్చి పడింది. బావ దాన్ని గంప కింద మూసి, దాని సొంతదారు వెతుక్కుంటూ వచ్చేదాకా కదలనన్నాడు. సగం పూట పోయింది. కోడికూర తిని ఎంత కాలమైందో అని నేను గొణిగాను. ఆయన నా వైపు చూసిన చూపుకు ఆ కోడి కూడా జడుసుకుంది.

వాన సంగతి తనకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదని బావ నమ్మకం. పొద్దున్నే లేచి కొండలవైపు చూసి, గాలి పీల్చి, నోట్లో వేలు తడిపి పైకెత్తి, "ఈ పొద్దు రాదు పో," అనేవాడు. ఖాయంగా వచ్చేది. "ఈ పొద్దు తప్పదురా" అన్నాడంటే ఆ రోజు చినుకు రాలదు. మొదట్లో ఆయన మాట నమ్మి చాలా ఇబ్బంది పడ్డాను. తర్వాత తిరగేసి నమ్మడం నేర్చుకున్నాను. అప్పటినుంచి నాకు అంతా సులువైంది. ఆయన "రాదు" అనగానే నేను మధ్యాహ్నానికి తలదాచుకునే చోటు వెతికి పెట్టుకునేవాణ్ణి.

ఎక్కడెక్కడ దూరామో చెబితే నవ్వుతారు. గడ్డివాములో దూరాము. బడి వరండాల్లో దూరాము. రోడ్డు కింది మోరీలో మేకల మంద మధ్య కూర్చున్నాము. మేక ఒకటి అక్క గొడుగును నాకి చూసి, ఆముదం రుచికి ముఖం తిప్పుకుంది. గాలి లేవగానే సైకిళ్లు పడుకోబెట్టి వాటి మీద నాపరాళ్లు పెట్టాలి. లేదంటే గొడుగుల మోపుకు గాలి తగిలి సైకిలే లేచిపోతుంది. వాన వెలిశాక ఇంకో రకం తిప్పలు. అంతా రేగడి నేల. ఆ బురద చక్రానికీ మడ్‌గార్డుకూ మధ్య దూరి పిండిముద్దలా గట్టిపడుతుంది. చక్రం తిరగదు. మమ్మల్ని మోయవలసిన సైకిళ్లను మేము భుజాన వేసుకుని నడిచేవాళ్లం. దారిన పోయేవాళ్లు "ఏమప్పా, సైకిలుకు కాళ్లు నొస్తాండాయా?" అని అడిగేవారు. బావ నవ్వేవాడు. నాకు మాత్రం వాళ్లను అదే బురదలో తొక్కాలనిపించేది.

మూడు రాళ్ల మీద సంగటి వండుకుంటే గాలి వచ్చి పిడికెడు ఇసుక అందులో వేసి పోయేది. "ఉప్పు ఎక్కువాయెనేమిరా?" అని బావ అడిగేవాడు. అది ఇసుక బావా అంటే, "అందుకేనా, నమిలేదానికి ఇంతసేపు పడతాండాది," అని మళ్లీ తినేవాడు. ఇటువంటి మనిషిని కోప్పడటం కూడా కష్టమే. ఏది ఎట్లా ఉన్నా, బావ మీద ఒక్క చినుకు పడనివ్వలేదు నేను. ఆ గర్వం నాకు బాగానే ఉండేది.

ఆ ఏడు ఆళ్లగడ్డలో గొడుగులు బోలెడు వచ్చాయి. అహోబిలం నుంచి అర్చకస్వామి ఒకాయన, బాగా పెద్దవాడు, ఆళ్లగడ్డలో కూతురింటికి వచ్చి తన గొడుగు తానే తెచ్చిచ్చాడు. చువ్వలు గట్టివే, గుడ్డ మాత్రం జల్లెడ. "మంచి నలుపు ఉండాల నాయనా, నా గొడుగు చూసి ఎండ కూడా భయపడల్ల," అన్నాడు. బావ సరేనన్నాడు. నల్లగుడ్డ ఎక్కడిదని నేను అడగలేదు. అడిగి ఉండవలసింది.

గొడుగులన్నీ శిరివెళ్ల చావడికి తెచ్చుకున్నాము. దాని కప్పు నాపరాతిది కాబట్టి ఎంత గాలికీ జంకదు, అక్కడైతే బావ తడవడు. అక్కడ బావ నేతగాళ్ల దగ్గర తెల్లగుడ్డ కొని తానే రంగు వేశాడు. కరక్కాయ కషాయంలో నానబెట్టి, తుప్పు పట్టిన ఇనుప ముక్కలను బెల్లం నీళ్లలో పులియబెట్టి, ఆ నీళ్లలో ముంచాడు. నిజం చెప్పాలి, అంత చక్కటి నలుపు నేను చూడలేదు. కాకులు వచ్చి చూసిపోయాయి. ఆయన సంబరంగా అన్ని గొడుగులకూ ఆ గుడ్డే కుట్టేశాడు.

ఆఖరి గొడుగు కుడుతుంటే నా చేతిలోని నీళ్ల చెంబు ఒలికి దాని మీద పడింది. నల్లటి నీళ్లు జలజలా కారి బావ పంచె మీద మడుగు కట్టాయి. 

"బావా, రంగేసినాక జాడించినావా?"

"యాడ జాడించేది? కాలువలో చుక్క ల్యాకపాయ. బాయిలో నీళ్లు తాగేదానికే చాలవు."

రంగులద్దేవాళ్లు చివరికి పారే నీళ్లలో గుడ్డను బాగా జాడిస్తారు. పట్టాల్సిన నలుపు పట్టి, మిగిలినదంతా అప్పుడు పోతుంది. మా బావ ఆ ఒక్క పనీ వదిలేశాడు. అంటే మా మోపులో ఉన్నవి వాన తగలగానే మసి కారే గొడుగులు. ఆళ్లగడ్డలో పెద్దమనుషులంతా మొదటి వానకే బొగ్గుబస్తాలు మోసినవాళ్లలా ఇళ్లకు పోతారన్నమాట. నాకు నవ్వాగలేదు. బావ నవ్వలేదు.

పంచె పిండుకుంటూ, "ఒక్క మంచి వానలో తడిపితే సరిపోతాది. మిగిలిన నలుపంతా పోయి, నిలబడేది నిలబడతాది," అన్నాడు.

"వానలో విప్పగూడదని నువ్వే అంటివే?"

"ఇది వాడుకునేది కాదురా. ఉతికేది. కిందెవురూ తల పెట్టకుంటే చాలు."

సరే, నియమానికి దారి దొరికింది. వానే దొరకలేదు. అన్నాళ్లూ రోజూ మీద పడి కొట్టిన వాన, మేము ఎదురు చూడటం మొదలుపెట్టగానే మాయమైంది. కారణం నాకు తెలుసు. బావ రోజూ కొండలకు మొక్కి, "ఈ పొద్దు తప్పకుండా వస్తాది," అనేవాడు. ఇంకెక్కడి వాన? "బావా, నీ కాళ్లు పట్టుకుంటా, రాదని చెప్పు," అన్నాను. ఆయనకు కోపమొచ్చింది. చివరికి గొడుగులిస్తామన్న గడువు వచ్చేసింది. ఆ పొద్దున సైకిలెక్కుతూ బావ దిగులుగా, "ఈ పొద్దు కూడా రాదు పోరా," అన్నాడు. నేను వెంటనే అక్క గొడుగు కట్టుతాడు వదులు చేసి పెట్టుకున్నాను.

శిరివెళ్ల దాటి చాలా దూరం పోయాక నల్లమల మీద ముద్ద లేచింది. మేము ఒక మోరీ దగ్గర ఆగి ఒప్పందం చేసుకున్నాము. బావ మోరీ కింద కూర్చోవాలి. అక్క గొడుగు ఆయన దగ్గరే ఉంటుంది. గొడుగులు తడిపే పని నాది. బావ బుద్ధిగా లోపలికి పోయి కూర్చున్నాడు. నేను మోపు విప్పి, పక్కన దున్ని వదిలేసిన చేలో గొడుగులు విప్పి నిలబెట్టాను. ఎండకు రేగడి నేల నెర్రెలు విచ్చి ఉంది. ఆ నెర్రెల్లో పిడులు దిగ్గొడితే చక్కగా నిలబడ్డాయి. చేనంతా నల్లగొడుగులు.

వాన మొదలైంది. మొదట గాలి లేదు, పెద్ద పెద్ద చినుకులు. గొడుగుల చుట్టూ నల్లటి నీళ్లు కారసాగాయి. మోరీలోంచి బావ కేకలు: "ఆ మూలది పక్కకు తిప్పరా! బేగా! స్వామిది ముందు చూడు! రేయ్, వాటి కింద తల పెట్టగాకు!" అన్ని గొడుగుల మధ్య నిలబడి ఒక్కదాని కిందా తల పెట్టకుండా తడుస్తూ, నేను కూడా ఆ వంశంలో పుట్టినవాడిలాగే ఉన్నాను. మెల్లమెల్లగా నీళ్లు తేటపడ్డాయి. బావ చెప్పింది నిజమే. నలుపు నిలబడింది. నేను చేతులెత్తి "అయిపాయ బావా!" అని అరిచాను.

ఆ అరుపు కోసమే కాచుకున్నట్టు గాలి వచ్చింది. ముందు ఒక గొడుగు ఊడింది. దాని వెనక మూడు. తర్వాత చేనంతా లేచింది. కొన్ని దొర్లుతున్నాయి, కొన్ని ఎగురుతున్నాయి, కొన్ని నా మీదికే వస్తున్నాయి. నేను ఒకటి పట్టుకునేలోపల రెండు పోతున్నాయి. వెనక్కి తిరిగి చూస్తే బావ మోరీలోంచి బయటికొచ్చి పంచె ఎగ్గట్టి పరుగెత్తుతున్నాడు.

"బావా! వద్దు! లోపలికి పో!"

"జనం గొడుగులురా!"

వానలో ఆయన, మోరీలో దూరి అక్క గొడుగు తీసుకుని ఆయన వెనక నేను. పరుగెత్తే మనిషి నెత్తిన గొడుగు పట్టడం ఎంత కష్టమో చేసి చూస్తేగానీ తెలియదు. ఆయన కుడికి తిరిగితే నేను ఎడమకు పోయేవాణ్ణి. ఆయన వంగితే నేను ఆయన మీద పడేవాణ్ణి. చివరికి గాలి దాన్ని కూడా తిరగేసి, చువ్వలు పైకి లేపింది. ఇప్పుడు అది నీళ్లు పట్టే గిన్నెలా ఉంది, ఆ నీళ్లన్నీ బావ మీదే పోశాను. అంతటితో ఆగక వడగండ్లు మొదలయ్యాయి. "అబ్బా, అబ్బా" అంటూనే ఇద్దరమూ గొడుగులు ఏరుతున్నాము. నాకు ఏడుపొస్తోంది. అక్క ముఖం కళ్ల ముందు కనబడుతోంది. డాక్టరు మాట చెవిలో గింగురుమంటోంది.

యుద్ధంలో పెట్రోలు దొరక్క బస్సులు వెనక బొగ్గుపొయ్యి పెట్టుకుని నడిచేవి; అప్పుడే నంద్యాల నుంచి ఆళ్లగడ్డ పోయే అట్లాంటి బొగ్గుబస్సు మా దగ్గరికొచ్చి ఆగింది. ఆగింది అనకూడదేమో, గాలివానకు పొయ్యి చల్లారి చచ్చింది. కిటికీల్లోంచి తలలు బయటికొచ్చాయి. మొదట నవ్వులు. తర్వాత ఒకాయన, "ఓయప్పా, ఆ వంకర పిడిది నాదే!" అని అరిచి వడగండ్లలో దూకాడు. ఇంకొకాయన, "నా గొడుగు ఆడ పోతాండాది, పట్టండప్పా!" అంటూ దిగాడు. సగం బస్సు చేలో పడింది. ఎవరి గొడుగును వాళ్లు తరుముకుంటూ పోతున్నారు.

బస్సులోంచి అర్చకస్వామి నిదానంగా దిగాడు. కాళ్ల దగ్గరికి దొర్లుకుంటూ వచ్చిన గొడుగును పట్టుకుని, అటూ ఇటూ చూసి, తనదేనని తెలుసుకుని, నేరుగా వచ్చి బావ చేయి పట్టుకున్నాడు.

"రా, కిందికి రా."

"వద్దు స్వామీ. మీ గొడుగు కింద నేను..."

"నాదే గదప్పా. నాదాని కిందికి నేను పిలుస్తాండా. రా!"

పిలిచింది సొంతదారే గదా, బావ తల వంచి కిందికి దూరాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి వానలో ఒకరి గొడుగు కింద నిలబడ్డాడు. మడతలో మిగిలిపోయిన నలుపు కాస్త కారి స్వామి తెల్లటి జుట్టు మీద పడింది. బావ వణికిపోయాడు. స్వామి చేత్తో తుడుచుకుని, వేళ్లు చూసుకుని, "నా జుట్టుకు నలుపు పోయి ఎన్నేండ్లాయెనో! మళ్లీ వచ్చె!" అని పెద్దగా నవ్వాడు. బస్సంతా నవ్వింది.

వాన వెలిసింది. గొడుగులన్నీ దొరికాయి, నలుపు నిలిచింది, ఎవరూ ఒక్క మాట అనలేదు. అన్నీ బాగానే ఉన్నాయి, బావ తప్ప. తల నుంచి కాలి దాకా నీళ్లు కారుతూ, చెవుల్లో నల్లటి చారలతో, పళ్లు కటకట కొట్టుకుంటూ, "పని బలే కుదిరిందిరా," అంటున్నాడు. ఆ ఎండాకాలమంతా నాకున్నది ఒకటే పని. అది పోయింది.

ఆళ్లగడ్డ సత్రంలో దిగాము. తెల్లవారేసరికి బావకు ఒళ్లు కాలిపోతోంది, దగ్గు మొదలైంది. బస్సులో పండబెట్టి ఇంటికి తీసుకుపోతానన్నాను. ఆయన కదలలేదు.

"ఈడనే ఉందాం. దగ్గు తగ్గినాక పోదాం. పని ఎక్కువుండె, ఆలస్యమాయనని చెప్పు."

"దగ్గు తగ్గకుంటే?"

"తడిసినోడు గడప తొక్కొద్దని మీ అక్క చెప్పె. ఆయమ్మ మాట నీకు ఆటగా ఉండాదేమో. నాకు కాదు."

నాకు ఒళ్లంతా మంట. వాళ్ల నాయన మాట మీద ఒకసారి, పెళ్లాం మాట మీద ఇంకొకసారి నిలబడి ఈ మనిషి చచ్చేట్టున్నాడు. రొమ్ము జబ్బుకు డాక్టరున్నాడు. ఈ జబ్బుకు ఎవరున్నారు? నోటికొచ్చినట్టు తిట్టాను. బతిమాలాను. ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆ మర్నాటికి ఊపిరిలో ఆ పాత చప్పుడు మళ్లీ వినబడింది. 

మధ్యాహ్నం సత్రం గుమ్మంలో అక్క నిలబడి ఉంది. చంకలో కంబళి, చేతిలో మూట. తర్వాత తెలిసింది, బస్సువాళ్లు నంద్యాలలో ఈ కథ చెప్పీ చెప్పీ నవ్వారట. ఊరంతా నవ్విందట. అది చెవిన పడగానే ఆమె చేతికందినవి మూట కట్టుకుని బస్సెక్కింది.

ఆమె గొంతు వినబడగానే బావ చటుక్కున లేచి కూర్చున్నాడు. దగ్గు రాకుండా ఊపిరి బిగబట్టాడు. ముఖం కందగడ్డలా అయింది.

"తడిసినావా?" అంది అక్క.

"ల్యా," అన్నాడు బావ. అంతకంటే మాట్లాడితే దగ్గొస్తుంది.

అక్క దగ్గరికొచ్చి ఆయన చెవి పట్టుకుని చూసింది. కొంగు తడి చేసి ఆ నల్లటి చారను తుడిచింది. తుడుస్తూ తుడుస్తూ అక్కడే కూలబడి ఏడ్చింది.

"తడిస్తే రావద్దంటిని గదా. నువ్వు నిజంగానే రావని నాకు తెలుసు. ఆ మాట నోట్లోంచి వచ్చిన కాణ్ణించీ నాకు నిద్ర ల్యా. భయపడి అంటి. జరమొచ్చినోడు యాడనో సత్రంలో పడుంటే, ఇంగ ఆ ఇల్లు ఎవురికయ్యా? తడిసినా రా. జరమొచ్చినా రా. ఎట్లున్నా ఇంటికి రా."

బావ ఆమె వైపు చూశాడు, నా వైపు చూశాడు. అంతసేపూ బిగబట్టిన దగ్గును వదిలేశాడు. ఇంక ఎవరికీ దాచే పని లేనట్టు, మనసారా, సత్రమంతా వినబడేట్టు దగ్గాడు. అక్క వీపు రాస్తూ కూర్చుంది. నంద్యాల బస్సు ఎప్పుడుందో కనుక్కోవడానికి నేను బయటికి వెళ్లాను.